ఇంజినీరుగారి కారు

నా బల్ల మీద ఎవరైనా తాళంచెవి పెడితే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. మొన్నామధ్య ఒకతను ఇంటి అద్దె కాగితం రాయించుకోవడానికి వచ్చి, మోటారుసైకిలు తాళం బల్ల మీద పడేసి, ఫోనులో తల దూర్చి కూర్చున్నాడు. నేను కాగితం తీయకుండా ఆ తాళాన్నే చూస్తూ ఉండిపోయాను. "ఏటి మేడమ్, తాళం అడ్డమా?" అని అతను దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. అడ్డమేం కాదు. తాళం పెట్టాక కాసేపు మాట్లాడకుండా కూర్చునే మనిషొకాయన అదే కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాడు, అంతే.

నేను రాయగడలో వకీలుని. వకీలునంటే వాదించి గెలిచే రకం కాదు. కోర్టు ఎదుటి వరసలో జిరాక్సు కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య చిన్న గది, ఒక ముద్ర, ఒక సిరా డబ్బా. నోటరీ పనే నా కూడూ గుడ్డా. పేరు తప్పు పడ్డవాళ్లూ, పుట్టిన తేదీ లేనివాళ్లూ, పోయిన కాగితం నిజంగానే పోయిందని ప్రమాణం చేసేవాళ్లూ వస్తుంటారు. తమది తమదేనని రుజువు చేసుకోవలసిన మనుషులు ఇంతమంది ఉన్నారని ఈ కుర్చీలో కూర్చునేదాకా నాకు తెలియదు.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే సంతోషించేవాడే. కాని ఆయన రాయించుకోవాలనుకున్న చోటు ఇది కాదు.

మొదటిసారి వచ్చినరోజు రామనగుడ వైపు నుంచి పొద్దున్న బస్సు దిగి, నేను గది ఊడ్చుకోకముందే గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, వయసు వల్ల కాస్త ముందుకి వంగాడు. తెల్ల పంచె మీద ఖాకీ చొక్కా. ఉద్యోగం దిగిపోయి ఎన్నేళ్లయినా ఆ ఖాకీ మానలేదు. చొక్కా జేబులో రుమాలులో చుట్టిన కళ్లద్దాలు, చేతిలో కళ్లద్దాల డబ్బా. ఆ డబ్బా తెరిచి, అందులోంచి తాళంచెవి తీసి, బల్ల మీద నాకూ తనకీ సరిగ్గా మధ్యలో పెట్టాడు. ఆ తరవాతే కూర్చున్నాడు. అద్దాలేమో జేబులో పడి గీతలు పడుతుంటే, లోపల మెత్తటి గుడ్డ అతికించిన డబ్బా తాళానికా అని తరవాతెప్పుడో అడిగాను. "అద్దాలు బజార్లో దొరుకుతాయమ్మీ" అన్నాడు.

ఆ రోజు పని సంగతి ఎత్తకుండా ముందు నా సంగతి తీశాడు. "ఏ ఊరోలమ్మీ మీరు?" అన్నాడు. మా తాత శ్రీకాకుళం పల్లెల నుంచి గుణుపూర్ దగ్గర భూములు చేసుకోడానికి వచ్చిన కథ చెప్పాను. "అయితే మనోలే" అని తేల్చేశాడు. ఏ వరసన మనవాళ్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నుంచి నేను అమ్మిని. నల్లకోటు వేసుకుని మెట్లు దిగుతుంటే నలుగురిలోనూ "అమ్మీ" అని కేకేసేవాడు. నెరిసిన జుట్టుకి రంగేసుకునే వయసులో అలా పిలిపించుకోవడం సిగ్గుగానే ఉండేది, బాగానూ ఉండేది. ఆయన నాకు తాతగారయ్యాడు.

"ఇంతకీ పనేమిటి తాతగారూ?"

"బండి నాది" అన్నాడు తాళాన్ని చూపిస్తూ. "నాదని నాకు తెలుసు. బండికి తెలుసు. ఆపీసుకి తెలవాల."

ఈ నాలుగు ముక్కలూ ఆ తరవాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏ ఆఫీసులో ఏ బల్ల ముందు నిలబడినా ఆయన ఎత్తుగడ ఇదే. మొదట తాళం, తరవాత ఈ మాట.

ఆయన మాచ్‌ఖండ్‌ జలవిద్యుత్ ప్రాజెక్టులో కరెంటు పని చేసేవాడు. అక్కడ ఆంధ్రా వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద ఇంజినీరుకి కారుండేది. మన దేశంలో తయారైంది కాదు, ఓడలో వచ్చింది. నల్లటి రంగు, గుండ్రటి వీపు, ముందుకి పొడుచుకొచ్చిన రెండు దీపాలు. ఆ రోజులకే అది ముసలిది. ఇంజినీరుకి బదిలీ అయింది. సామానంతా లారీలో ముందే వెళ్లిపోయింది. కారు మాత్రం కొండ ఎక్కనని మలుపులో ఆగిపోయింది.

"దొరగారు దిగేడు. తలుపేసేడు. తాళం నా సేతిలో పెట్టేడు" అని ఆయన చెప్పేవాడు. "'ఇంక నాకొద్దు, నువ్వే తీసుకో. నీకున్న ఓపిక నాకు నేదు' అన్నాడు. జీపెక్కి ఎల్లిపోయేడు."

ప్రతిసారీ ఇవే మాటలు, ఇదే వరసలో. తలుపు వేసినప్పుడు చెయ్యి గాల్లో ఒకసారి కదిలేది. చట్టం భాషలో దీన్ని దానమంటారనీ, దానానికి సాక్షులు కావాలనీ చెప్పి, అప్పుడు పక్కనెవరున్నారని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "కొండ ఉన్నాది" అన్నాడు.

కొండని కోర్టుకి పిలవలేం కదా తాతగారూ అంటే నవ్వలేదు.

ఆయన చేతిలో ఆ కారు బాగుపడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయనకి తెలిసిన పని కరెంటు. అందుకని ఆ కారులో కరెంటుతో నడిచేవన్నీ దివ్యంగా నడిచేవి. దీపాలు వెలిగేవి, లోపలి చిన్న బల్బు వెలిగేది, హారన్ ఊరంతా వినిపించేది. ఇంజను మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. మెకానిక్కుని పిలుద్దామంటే ఒప్పుకునేవాడు కాదు, పరాయి చెయ్యి పడకూడదు. రిటైరయ్యాక దాన్ని లారీ మీద ఎక్కించి రామనగుడ దగ్గర భార్య పుట్టింటివారి పల్లెకి తెచ్చాడు. వాళ్లిచ్చిన జాగాలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, అందులో పెట్టాడు. రోజూ సాయంత్రం లోపల కూర్చుని దీపాలు వేసేవాడు, ఆర్పేవాడు, హారన్ కొట్టేవాడు. ఆ మోతకి ఆవులు ఇంటికి మళ్లేవని వాళ్లావిడ చెప్పింది.

ఊళ్లో దాని పేరు ఇంజినీరుగారి కారు. బావమరదులు ఎదురుపడితే "ఇంజినీరుగారి కారు ఎలగున్నాది బావా?" అనేవారు. పిల్లలూ అదే మాట. షెడ్డు ముందే బస్సు ఆగడంతో కాలక్రమంలో ఆ స్టాపుకే అది పేరైపోయింది. కండక్టరు తలుపు మీద కొట్టి "ఇంజినీరు కారు, ఇంజినీరు కారు" అని అరిస్తే జనం దిగుతారు. ఆ ఇంజినీరు జన్మలో ఆ ఊరి మొహం చూసినవాడు కాదు. దాని పక్కనే జుట్టు నెరిసిన ఈయనేమో ప్రతిసారీ ఆ పిలుపు విని బస్సు దిగాలి.

"కండక్టరు పిలుపు మార్చక్కర్నేదమ్మీ" అన్నాడు ఒకరోజు. "ఆడు పిలిసినప్పుడు నాను జేబు తడుంకుంటాను. జేబులో నా పేరున్న కాయితం ఉంటే సాలు. బతికుండగా ఒక్కసారి ఆ కాయితం సూడాల."

ఆయనకి కావలసింది అది. అంతకు మించి ఏమీ లేదు.

పాతకాలపు వాహనాలకి ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ ఇస్తారని ఆయన టీవీలో విన్నాడు. నేను నియమాలు తిరగేసి చూశాను. నిజమే. అయితే ఆ రిజిస్ట్రేషన్‌తో బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పుకోకూడదు, ప్రదర్శనలకీ బాగుచేతకీ మాత్రమే బయటికి తీయాలి. ఆ సంగతి చెబితే నిరాశపడతాడనుకున్నాను. "తిప్పడానికి కాదమ్మీ. అది ఎలాగూ తిరగదు" అన్నాడు.

బండి పాత రిజిస్ట్రేషన్ పుస్తకం ఇంజినీరు పేరున ఉంది. చెదలు సగం తిన్నా నంబరున్న పేజీ మిగిలింది. కొండకి ఆ పక్క ఆంధ్రా ఆఫీసులో అడిగితే, ఆ బండి ఎప్పుడో ఒరిస్సాకి బదిలీ అయిపోయిందన్నారు. ఈ పక్క అడిగితే మాకు రాలేదన్నారు. రెండు రాష్ట్రాలు కలిసి కట్టుకున్న ప్రాజెక్టులో పనిచేసినవాళ్లకి ఇది మామూలే. ఆయన కోరాపుట్ వెళ్లాడు, విజయనగరం వెళ్లాడు, మళ్లీ కోరాపుట్ వెళ్లాడు. వెళ్లిన ప్రతి చోటా అధికారి ముందు తాళంచెవి పెట్టాడు. ఒకాయన కారునే లంచంగా ఇస్తున్నాడనుకుని కంగారుపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడట. ఎట్టకేలకి పాత నమోదు నకలు దొరికింది. ఇంజినీరు పోయి చాలాకాలమైంది. విజయనగరంలో ఉన్న ఆయన కూతురికి, ఆవిడా అమ్మమ్మ అయిపోయింది, ఫోను చేశాం. తమకేం అభ్యంతరం లేదని సంతకం పెట్టి పంపింది. ఆవిడ అడిగింది ఒక్కటే, హారన్ ఇంకా మోగుతోందా అని. మర్నాడు ఈయన షెడ్డులోంచి ఫోను చేసి ఆవిడకి హారన్ వినిపించాడు.

ఇంక మిగిలింది తనిఖీ. రవాణా శాఖ ఇన్స్పెక్టరు బండిని కళ్లతో చూసి, పుస్తకంలో రాసిన నంబరూ ఫ్యాక్టరీలో బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనని రాస్తే చాలు. బండి కదలదు గనక, గుణుపూర్ వైపు పనున్న రోజున దారిలో ఆగి చూస్తానని ఇన్స్పెక్టరు ఒప్పుకున్నాడు. ఒడియా మనిషి, సన్నగా, తొందరలేకుండా ఉంటాడు. నేనూ ఆ రోజు వెళ్లాను. వెళ్లనవసరం లేదు నిజానికి. ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడాలనిపించింది.

షెడ్డు ముందు నీళ్లు చల్లి ముగ్గేశారు. కారు దీపాలకి మందారపూలు. వాళ్లావిడని నేను చూడటం అదే మొదలు. పొట్టి మనిషి, పసుపు పాదాలు, తలంటుకుని ముడి వేసిన తెల్లటి జుట్టు. మమ్మల్ని చూడగానే కారు ముందరి బానెట్ మూత ఎత్తించి లోపల గోడకి బిగించిన ఇత్తడి రేకు చూపించింది. నంబరు కొట్టి ఉండేది ఆ రేకు మీదే. అది బంగారంలా మెరుస్తోంది.

"సింతపండూ బూడిదా ఏసి తోమేను బాబూ" అంది ఇన్స్పెక్టరుతో. "బండిలో ఇత్తడి అదొక్కటే కదా. విశ్వకర్మ పూజకోపాలి, దసరాకోపాలి. ఒక్క ఏడు మాన్నేదు."

మాచ్‌ఖండ్‌లో ఒడియావాళ్లతో కలిసి విశ్వకర్మ పూజ చేసేవారు. తెలుగువాళ్లు గనక దసరాకి ఆయుధపూజ ఎలాగూ ఉంది. అటుదీ వదలకుండా ఇటుదీ వదలకుండా ఏడాదికి రెండుసార్లు పూజ. ఇంట్లో దేవుడి సామానుతోపాటు ఆ రేకూ తోముడుపీటకి ఎక్కేది. ఒక్క పూజే చేసుకునే జనమైతే ఆ నంబరు ఇంకో తరం నిలిచేది.

నంబరుని అచ్చు తీయడానికి ఒక పద్ధతుంది. అంకెల మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. ఇన్స్పెక్టరు కాగితం ఆనించాడు. రుద్దాడు. కాగితం మీద నున్నటి బూడిదరంగు మరక వచ్చింది. కాగితం జరిపి మళ్లీ రుద్దాడు. మళ్లీ అదే.

"నంబర్ కాహిఁ?" అన్నాడు, నంబరెక్కడుందని.

అతను కిందికి వంగి చట్రం చూశాడు. చట్రం మీది అంకెల్ని తుప్పు ఎప్పుడో తినేసింది. ఇంజనుని ఇంజినీరుగారి కాలంలోనే ఒకసారి మార్చారు, దాని మీది నంబరు పుస్తకంలో లేదు. అంటే ఆ రేకు తప్ప వేరే ఆధారం లేదు. ఆ రేకు మీద చెయ్యేసి తడిమితే వేలు జారిపోతుంది.

ఇన్స్పెక్టరు తెలివైనవాడు. రేకునీ, ఆవిడ చేతుల్నీ చూశాడు. తాతగారి వైపు తిరిగి మెల్లగా "ఘసి ఘసి గలా కి?" అన్నాడు. రుద్ది రుద్ది పోయిందా అని. అలాగైతే పెద్ద చిక్కేమీ లేదనీ, పూజలకి తోమడంవల్ల అరిగిపోయిందని ఒక అఫిడవిట్ ఇస్తే పై అనుమతితో చట్రం మీద కొత్త నంబరు కొట్టిస్తామనీ ఒడియాలోనే విడమర్చి చెప్పాడు. అవునని ఒక్క మాట అంటే చాలు.

తాతగారు భార్య వైపు చూశాడు. ఆవిడ దీపం మీది మందారపువ్వు సరిచేస్తోంది.

"కాదు సార్" అన్నాడు. "దొరగారి కాడ్నించి వచ్చినప్పుడే ఇలగున్నాది."

"బాగా ఆలోచించి చెప్పండి" అన్నాడు ఇన్స్పెక్టరు. "మీ చేతికి రాకముందే నంబరు చెరిగిపోయిందంటే నేను అలాగే రాయాలి. అది పోలీసు విచారణకి వెళ్తుంది. ఈ బండి అసలా పుస్తకంలోదేనా అన్న దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది."

"ఆలోచించేను సార్. ఇలగే వచ్చింది."

అతను రాసుకున్నాడు. ఈయన సంతకం పెట్టాడు. వాళ్లావిడ పువ్వు సరిచేయడం ముగించి "టీ తాగుతారా బాబూ?" అని అడిగింది.

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తిరిగిన తిరుగుడంతా ఒక్క అబద్ధంతో తనే మట్టిలో కలిపేశాడు. ఇన్స్పెక్టరు జీపు వెళ్లిపోయాక బస్సు కోసం నిలబడినప్పుడు ఆ కోపం దాచుకోలేదు. ఆయన నన్ను మాట్లాడనిచ్చి, తరవాత షెడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మాచ్‌ఖండ్‌లో నా పక్కోడు ఒకడు కరెంటు కొట్టి పోయేడమ్మీ. నా సేతిలో పోయేడు. ఆ ఏడు నుంచి మీ మామ్మ బండికి పూజ సేస్తాది. బండికి కాదు, నాకు సేస్తాది. ఆ రేకు మెరిస్తే నాకేటీ అవదని దానికి నమ్మకం. ఇప్పుడు ఆ సెయ్యే నా కాయితాన్ని తుడిసీసిందని ఎలగ సెప్తాను?"

ఆయనంటే నాకు ఇంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు.

దారి ఒకటి మిగిలింది. ఆయన మాట కాగితం మీద పడిపోయింది, ఇంక ఆయన ఏం చెప్పినా చెల్లదు. తోమిన మనిషి స్వయంగా ప్రమాణం చేస్తే ఆ మాట తిరగరాయొచ్చు. అలాంటి అఫిడవిట్ ఒకటి తెలుగులో చిత్తు రాసి ఉంచి, వారం తరవాత ఆయన వచ్చినప్పుడు ఈ సంగతే చెప్పాను. కళ్లు వెలిగాయి. "ఇంగిలీసులో రాసీ. దానికి తెలవకుండా ఏలుముద్ర ఏయించీస్తాను" అన్నాడు. కుదరదన్నాను. చదువు రానివాళ్లయితే కాగితంలో ఏముందో వాళ్ల భాషలో చదివి వినిపించాలి, అర్థమైందని వాళ్లు చెప్పాకే నేను ముద్ర వేయాలి. నా పనిలో ఉన్న కాస్త మర్యాదా అదే.

"సదవకపోతే?"

"నేను వేయను తాతగారూ."

"అయితే ఒద్దులే" అన్నాడు. తాళం తీసి డబ్బాలో పెట్టుకుని, టప్‌మని మూత వేసి వెళ్లిపోయాడు.

ఇక రాడేమో అనుకున్నాను. రాయగడలో ఏ పనున్నా వచ్చేవాడు. తాళం బల్ల మీద పెట్టి, కూర్చుని, "పైలు ఎలగున్నాదమ్మీ?" అనేవాడు, ఊళ్లో చుట్టాన్ని అడిగినట్టు. బాగానే ఉందనేదాన్ని. టీ తాగి వెళ్లేవాడు. ఆ సెప్టెంబరులో పూజ ప్రసాదం తెచ్చి ఇచ్చాడు. "రేకు బాగా తోమింది మీ మామ్మ" అన్నాడు. ఎటో చూస్తూ అంటాడనుకున్నాను. నా మొహంలోకి చూసే అన్నాడు, కాస్త గర్వంగా కూడా. దసరాకీ అదే కబురు.

మరుసటేడు వానల్లో పోయాడు. నిద్రలోనే అని తరవాత తెలిసింది. నాకు కబురు చేసేవాళ్లెవరూ లేరు. కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున్న వాళ్లావిడే వచ్చింది. మరణ ధ్రువపత్రం కొంగున కట్టుకుంది. చేతిలో కళ్లద్దాల డబ్బా. తెరిచి, తాళంచెవి తీసి, మా ఇద్దరికీ మధ్య పెట్టి, కూర్చుంది. కాసేపు మాట్లాడలేదు.

"ఇంక నాకు బండెందుకమ్మీ. అయినా అడుగుదామని వచ్చేను" అంది. "ఆయన పైలు ఏటయ్యింది?"

ఇప్పుడు దాయడానికి కారణం లేదు. బాధపడకూడదు మామ్మగారూ అని మొదలుపెట్టి, ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుంటే ఆవిడే అందుకుంది.

"నంబరు నానే తోమీసేనని సెప్తావు. అంతేనా?"

నేను అవునన్నట్టు తలూపాను.

"నాకు సదువు నేదు గాని కళ్లున్నాయి. ఆ బాబు కాయితం ఏసి రుద్దితే ఏటీ రానేదు. ఘసి ఘసి అన్నాడు. ఒడియావోళ్ల మధ్య అన్నేళ్లు కాపరం సేసేను, ఆ మాత్రం తెలవదేటి?" చీర కొంగు సర్దుకుంది. "కొత్తలో ఆ రేకు మీద గీతల్లో సింతపండు పీసు ఇరుక్కునీది. సీపురుపుల్లతో తీసీదాన్ని. తరవాత తరవాత ఇరుక్కోడం మానీసింది. తోమడం సులువైందని సంబరపడ్డాను."

"మరి ఆ తరవాత కూడా తోమారు కదా. రెండు పూజలకీ. తాతగారు చెప్పారు."

"మానీస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోదేటి?"

బయట జిరాక్సు మిషను నడుస్తోంది. నేను అప్పటి అఫిడవిట్ చిత్తుప్రతి బయటికి తీశాను. ఆవిడ ఇప్పుడు వారసురాలు. వేలిముద్ర వేస్తే బండి ఆవిడ పేరున వస్తుంది, అంతకుముందు యజమానిగా తాతగారి పేరు ఎక్కుతుంది. ఆయన కోరుకున్న చోట ఆయన పేరు పడుతుంది. ఇదంతా చెప్పాను. ఆవిడ మొహంలో ఆశ కనిపించింది. ముందుకి జరిగి కూర్చుంది.

"సదువు, ఇంటాను" అంది.

చదివాను. ఏటేటా పూజలకి తోమినందువల్ల అంకెలు అరిగిపోయాయన్న దగ్గర తలూపింది. నా భర్త ఇన్స్పెక్టరుగారికి చెప్పిన మాట నిజం కాదు అన్న వాక్యం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తీసీలేవా?"

"తీస్తే ఒప్పుకోరు మామ్మగారూ. అక్కడ ఆయన సంతకం ఉంది. రెండు మాటల్లో ఒకటి తప్పని రాయాలి."

బొటనవేలికి రాయడానికి నేను సిరా డబ్బా మూత తీసే ఉంచాను. ఆవిడ దాన్ని చూసింది, కాగితాన్ని చూసింది, తన వేలు చూసుకుంది.

"ఒద్దమ్మీ. నాకు తెలిసి జన్మంతా ఒక్క అబద్ధం ఆడేడు. అది నా కోసం ఆడేడు. మనిషి లేనప్పుడు ఆ మాట తప్పని నాను ఏలుముద్ర ఎయ్యను."

"మరి బండి ఆయనదని ఎక్కడా లేకుండా పోతుంది."

"ఆయనకి తెలుసు. నాకు తెలుసు. బండికి తెలుసు. ఆపీసుకి తెలవకపోతే పోనీ."

తాళంచెవిని కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టి, మూత వేసింది. నేను కూడా లేచి బస్సు దాకా వెళ్లాను. జనం ఎక్కువగా ఉన్నా ఎవరో లేచి కిటికీ పక్క సీటు ఇచ్చారు, నేను కింద ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి "ఎక్కడ దిగాల మామ్మా?" అన్నాడు.

"మా పెద్దాయన కారు కాడ" అంది.

కండక్టరు ఆవిడ మొహం వైపు ఒకసారి చూసి, టికెట్టు చింపి ఇచ్చాడు.